ఆఫీసుకి ఏ సైకిల్: మౌంటెన్ బైకా, రోడ్ బైకా?

బెజవాడలో 'బైక్ కొంటున్నా' అంటే మోటార్ సైకిలే అనుకుంటారు కాబట్టి ముందే చెప్తున్నా, ఇది తొక్కే సైకిళ్ల గోల.

రోడ్ బైక్ తేలిక. తెల్లవారుజామున బందరు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తొక్కితే సర్రున దూసుకుపోతుంది, ఆ మజాయే వేరు. కానీ మనం ఆఫీసుకి బయల్దేరేది తొమ్మిదింటికి కదా, బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోల మధ్య ముందుకి వంగి కూర్చుని మెడ ఎత్తి చూసుకుంటూ ఆ స్పీడు ఏం చేసుకుంటాం?

అసలు తలనొప్పి గాలితో. 25, 28 మిల్లీమీటర్ల సన్న టైర్లలో గాలి గట్టిగా ఉండాలి, కాస్త తగ్గిందా, గుంతలో పడగానే ట్యూబు రిమ్ము కింద నలిగి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు. పైగా చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది, పంక్చర్ షాపులో గాలి గొట్టం దానికి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో వేసుకుని తిరగాలి. మౌంటెన్ బైక్‌కి ఎక్కువగా స్కూటర్ వాల్వే, ఎక్కడైనా గాలి కొట్టించుకోవచ్చు.

అలాగని మౌంటెన్ బైక్ బంగారమేం కాదు. బరువు, గుబ్బల టైర్ల హోరు, లేచి తొక్కితే ముందు సస్పెన్షన్ ఊగి సగం బలం అందులోకే పోయినట్టుంటుంది. మే నెల ఎండలో అది బాగా తెలుస్తుంది.

రోజూ ఆఫీసుకైతే నా ఓటు సస్పెన్షన్ ఊగకుండా ఆపే లాక్ ఉన్న మౌంటెన్ బైక్‌కే, గుబ్బల టైర్లు తీయించి నున్నటివి వేయించండి. ఆదివారాలు కరకట్ట మీద అమరావతి దాకా తొక్కే సరదా ఉంటే మాత్రం రోడ్ బైక్.