ఫోన్ ఆటలతో జట్టుగా ఆలోచించడం: ఏ ఆట మేలు?

నలుగురు పిల్లలు ఒకే ఫోన్ చుట్టూ మూగి క్విజ్ ఆడుతుంటే, తెర మీద ఎవరి వేలు ఉందో చూడండి. చాలాసార్లు మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా అదే వేలు. మిగతా ముగ్గురికీ "తొందరగా నొక్కు" అనడమే పని.

2013లో వచ్చిన కహూట్ అనే క్విజ్ ఆటలో జట్టుగా ఆడే పద్ధతి ఉంది. జవాబు నొక్కే ముందు మాట్లాడుకోవడానికి 5 సెకన్లు ఇస్తుంది. కానీ వేగానికే ఎక్కువ పాయింట్లు కాబట్టి తెలిసినవాడు చెప్పేస్తాడు, తెలియనివాడు నోరు మెదపడు. పాఠం నెమరు వేయించడానికి మంచి ఆటే. జట్టు పని నేర్పుతుందంటే మాత్రం నేను ఒప్పుకోను.

2016 నాటి క్విజ్‌లెట్ లైవ్ కూడా క్విజ్జే. అయితే ప్రశ్న అందరికీ ఒకటే అయినా, జవాబులు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటాయి. సరైనది ఒక్కరి దగ్గరే ఉంటుంది. తప్పు నొక్కితే జట్టు స్కోరు సున్నాకి పడిపోతుంది. అందుకే ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి కూడా "నా దగ్గర లేదు, నీ దగ్గరుందా?" అని వెనక బెంచీ పిల్లాణ్ణి అడగాల్సి వస్తుంది. 1971లో అమెరికా మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ పాఠాన్ని పిల్లలకు తలో ముక్కగా పంచి మొదలుపెట్టిన జిగ్సా పద్ధతిలోని కిటుకూ ఇదే.

సమస్యను విప్పడం నేర్పాలంటే నా ఓటు కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్‌కి. ఈ ఆటలో ఫోన్ తెర మీది బాంబు ఒక్కరికే కనిపిస్తుంది, దాన్ని ఆపే సూచనల కాగితాలు మిగతావాళ్ల చేతిలో ఉంటాయి. ఒకరిది ఇంకొకరు చూడకూడదు. "ఎర్ర తీగ ఉంది" అంటే సరిపోదు. మొత్తం తీగలెన్ని, ఏ వరసలో ఉన్నాయి, సీరియల్ నంబరు చివరి అంకె సరా బేసా, అన్నీ చెప్పాలి. బాంబు పేలాక "నువ్వు పైనుంచి లెక్కపెట్టావా, కిందనుంచా?" అని వాళ్లలో వాళ్లే తప్పు వెతుక్కుంటారు. నాకు ఆటకన్నా ఆ వెతుకులాటే విలువైనది. పైగా గుంపుకి ఒక్క ఫోన్ చాలు. గోల మాత్రం తప్పదు, చిన్న తరగతులకు ఆ కాగితాలు బరువే.

దిమ్మెలతో లోకాలు కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆటకు బడుల కోసం చేసిన రూపం, మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్, వారాల తరబడి సాగే ప్రాజెక్టులకు సరిపోతుంది, ఒక్క పీరియడ్‌లో తేలదు.

ఏది ఎంచుకున్నా ఆట ఆటకీ మధ్య ఓ ఐదు నిమిషాలు ఆపి, ఎక్కడ మాట అర్థం కాలేదో పిల్లల్నే చెప్పమనండి. రెండో ఆటకి ఫోన్ అందరికన్నా తక్కువ మాట్లాడినవాళ్ల చేతికివ్వండి.