ఆయిల్ రింగు: మూడు ముక్కలదా, స్ప్రింగుదా?

రీబోరింగ్ (అరిగిన సిలిండర్‌ను కోరి సరిచేయడం) అయి, కొత్త రింగులు పడ్డాక కూడా బండి ఆయిల్ తాగుతుంటే అందరూ అడిగేది ఒకటే: ఏ కంపెనీ రింగు మంచిది? కంపెనీ సంగతి తర్వాత. ముందు ఆయిల్ రింగు రకం తేలాలి. పిస్టన్ చుట్టూ గాడుల్లో ఉండే రింగుల్లో అన్నిటికన్నా కిందిది ఇదే, సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి దించుతుంది. అదీ పిస్టన్ కొనేటప్పుడే తేలాలి, ఎందుకంటే ఈ రెండు రకాలకూ గాడి లోతు ఒకటి కాదు.

మూడు ముక్కల రింగులో రెండు పల్చటి స్టీలు రైళ్ళు, మధ్యలో వాటిని బయటికి తోసే స్ప్రింగు లాంటి ఎక్స్‌పాండర్. రైలు మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. దేనికది విడిగా కదులుతుంది కనుక బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) కొంచెం కోలగా ఉన్నా గోడను వదలదు. నా లెక్కలో దీన్ని గెలిపించేది మాత్రం ఎక్స్‌పాండర్ లోపలి అంచున ఉండే ఏటవాలు చెవులు. అవి రైళ్ళను బయటికి తోస్తూనే, పై రైలును గాడి పై అంచుకూ కింది రైలును కింది అంచుకూ అదిమి పెడతాయి. యాక్సిలరేటర్ వదిలి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోల్ ఇంజన్ సిలిండర్లో వాక్యూమ్ పుట్టి ఆయిల్‌ను పైకి లాగుతుంది. అప్పుడు ఆయిల్ గోడ వెంటే కాదు, గాడిలో రింగు వెనక నుంచీ ఎక్కుతుంది. ఆ దొడ్డిదారికి తలుపు ఈ చెవులే. పెట్రోల్ కారుకైనా బైకుకైనా మూడు ముక్కలదే వేయమనేది అందుకే.

పాత ట్రాక్టరు, లారీ డీజిల్ ఇంజన్లకు గాలిని అడ్డే మూత, అంటే థ్రాటిల్ ఉండదు, ఆ లాగుడూ ఉండదు. అక్కడి బెడద మసి. ఎక్స్‌పాండర్ సందుల్లో మసి గట్టిపడితే రైళ్ళు గాడిలోనే పట్టేస్తాయి. డీజిల్‌కు రెండు ముక్కలదే సరి: రెండు అంచుల రింగు, దాని వెనక కాయిల్ స్ప్రింగు. తోపంతా స్ప్రింగుదే కాబట్టి రింగును లోపలి వైపు సన్నగా చేయొచ్చు. ఆ మందం సగానికి తగ్గితే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, రింగు గోడకు అంత బాగా ఒదుగుతుంది. అంచులు అరిగినా స్ప్రింగు తోపు పెద్దగా తగ్గదు.

స్ప్రింగు లేని ఒంటి ముక్క పోత ఇనుము రింగు పాత ఇంజన్లకే. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

రకం సరైనదే అయినా బిగింపులో పోతుంది. మూడు ముక్కలదాంట్లో ఎక్స్‌పాండర్ కొసలు ఒకదానికొకటి ఎదురుగా ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే తోపు పోయి మొదటి రోజు నుంచే పొగ. కొసలకు రంగు వేసి వస్తే రెండు రంగులూ కనబడాలి. రైళ్ళ మూతులు (కొసల మధ్య సందులు) ఆ జాయింటుకు చెరో వైపు, 90 డిగ్రీల దూరంలో పెట్టండి. స్ప్రింగు రింగుకైతే స్ప్రింగు జాయింటు రింగు మూతికి సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల్లో ఉండాలి.

ఆయిల్ రింగుకు పైనుండే రెండో రింగును ఎవరూ పట్టించుకోరు గానీ, ఆయిల్ గీకడంలో దానికీ పెద్ద వాటా ఉంది. ముఖం ఏటవాలుగా ఉండే మామూలు టేపర్ రింగు కన్నా కింద కొక్కెంలా చెక్కిన నేపియర్ రింగు మేలు, గీకిన ఆయిల్ నిలవడానికి ఆ కొక్కెం కింద చోటుంటుంది. రింగు మీద గుర్తు వేసి ఉన్న వైపు పైకి రావాలి. తిరగబడితే అదే ఆయిల్‌ను పైకి తోడుతుంది. 80 మి.మీ. బోరుకు మామూలు వాడకంలో పై రింగు మూతి 0.32 మి.మీ., రెండోది 0.40 ఉంచొచ్చు. రెండోది ఇరుకైతే మధ్యలో చిక్కిన గ్యాసు పై రింగును గాడిలోంచి లేపుతుంది.

ఎంత మంచి రింగైనా గీకిన ఆయిల్ గాడి వెనక రంధ్రాల గుండా కిందికి దిగాల్సిందే. అమెరికాలో 2007–2009 కామ్రీ 2.4 లీటర్ ఇంజన్ ఆయిల్ తాగుతుంటే టయోటా రింగులతో ఆగకుండా పిస్టన్లు కూడా మార్చింది. పాత పిస్టన్‌కే కొత్త రింగులు వేసేటట్లయితే ప్రతి రంధ్రంలో సన్నటి తీగ దూర్చి చూడండి. హోనింగ్ (బోరు గోడను రాతితో రుద్ది సన్న గీతలు పెట్టడం) అయ్యాక బోరును కిరోసిన్‌తో తుడిచి వదలొద్దు, రాతిపొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను అరగదీస్తుంది. వేడి సర్ఫు నీళ్ళతో బ్రష్ పెట్టి కడగండి. ఆరగానే ఆయిల్ రాసి తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. బూడిద రంగు అంటితే మళ్ళీ కడగాలి.