షెనండోవా వాగుల్లో బ్రూక్ ట్రౌట్ కోసం నాలుగు రోజులు

"బావా, ఇంతదానికా మనం ఇంత దూరం వచ్చింది?" అని మా బావమరిది అడిగినప్పుడు నా తడి అరచేతిలో ఉన్న చేప పొడవు మహా అయితే ఆరంగుళాలు. ఏప్రిల్ రెండో వారంలో వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కుకు మేమిద్దరం వెళ్లాము. గాలం పట్టేది నేను. అతను కారు నడపడానికీ, ఫొటోలు తీయడానికీ వచ్చాడు.

బ్రూక్ ట్రౌట్ ఈ కొండవాగుల్లో అనాదిగా ఉన్న చేప. పేరులో ట్రౌట్ ఉన్నా నిజానికి ఇది ట్రౌట్‌కు దగ్గరి బంధువైన చార్ అనే చేపల జాతికి చెందినది. ముదురు ఆకుపచ్చ వీపు మీద పురుగు పాకిన జాడల్లాంటి లేత గీతలు, పక్కల మీద నీలి వలయాల నడుమ ఎర్రటి చుక్కలు, కింది రెక్కల అంచున తెల్లటి గీత, దానిని ఆనుకొని నల్లటి గీత కనిపిస్తాయి. పొలుసులు ఎంత సన్ననివంటే, తడి చేతికి ఉన్నట్టే తెలియదు.

మొదటి రెండు రాత్రులు కొండ మీద, సుమారు 3,500 అడుగుల ఎత్తున ఉన్న బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్‌లో గుడారం వేసుకున్నాము. పార్కులోని 105 మైళ్ల కొండ రోడ్డు స్కైలైన్ డ్రైవ్ మీద గంటకు 35 మైళ్లకు మించి వెళ్లకూడదు కాబట్టి, మ్యాపులో దగ్గరగా కనిపించే చోటుకు కూడా చాలా సమయం పట్టింది. జింకలు గుడారం పక్కనే మేశాయి, ఆకాశం నిండా నక్షత్రాలు కనిపించాయి. అయితే రాత్రి చలికి నిద్ర పట్టలేదు. దానికంటే పెద్ద చిక్కు, కొండ మీద బస చేసినవారు వాగు కోసం ఉదయం దిగి, అలసిపోయిన సాయంత్రం మళ్లీ ఎక్కవలసి రావడం. ఆ రోడ్డు మీది మిలమ్ గ్యాప్ నుంచి రాపిడాన్ క్యాంపుకు రెండు మైళ్లే, కానీ తిరుగుదారిలో దాదాపు 850 అడుగులు ఎక్కాలి.

అయినా ఆ నడక వృథా కాలేదు. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ 1929లో విశ్రాంతి కోసం కట్టించుకున్న క్యాంపు అది. వాషింగ్టన్‌కు వంద మైళ్ల లోపు ఉండాలి, దోమలు చేరనంత ఎత్తున ఉండాలి, ట్రౌట్ పుష్కలంగా దొరకాలి అని ఆయన పెట్టిన షరతులు చదివితే, చోటును ఎంచుకున్నది గాలం పట్టే మనిషేనని అర్థమవుతుంది. మిల్ ప్రాంగ్, లారెల్ ప్రాంగ్ అనే వాగులు అక్కడే కలిసి రాపిడాన్ నది అవుతాయి. ఆ నదిలో పట్టిన ట్రౌట్‌ను వెంటనే వదిలేయాలి. పార్కులో ఎక్కడైనా ఒకే కొక్కెం ఉన్న కృత్రిమ ఎరలే వాడాలి; 16 ఏళ్లు నిండినవారికి వర్జీనియా లైసెన్సు ఉండాలి. కారుకు ప్రవేశ రుసుము 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది.

మూడో రోజు లోయలోకి దిగి, సిరియా అనే ఊరి దగ్గర ఒక క్యాబిన్ తీసుకున్నాము (ఊరి పేరు విని ఇంట్లో కంగారుపడ్డారు). గది సాదాసీదాగా ఉన్నా వేడినీళ్లకు లోటు లేదు. రోజ్ రివర్ అనే కొండవాగుకు కారులో కొద్ది నిమిషాలే. ఉదయం ఎక్కుతూ గాలం వేసుకొని సాయంత్రం తేలికగా దిగి రావచ్చు. చేప ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది కాబట్టి, దిగువ నుంచి పైకి వెళ్తే దాని వెనుక నుంచి సమీపించినట్టవుతుంది. పైగా నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైతే తప్ప చేపలు తినే క్విల్ గోర్డన్ లాంటి మేఫ్లై పురుగులు అంతగా పైకి లేవవు, అందువల్ల ఏప్రిల్‌లో మధ్యాహ్నమే అసలు సమయం; తెల్లవారకముందే లేచి పరుగెత్తవలసిన పని లేదు.

సేవల్లో డబ్బుకు న్యాయం చేసింది గైడు ఒక్కడే. పూటకు ఖర్చు ఎక్కువే అయినా, కొమ్మలు నెత్తి మీద వాలే చోట రాడ్డును వెనక్కి ఊపే వీలుండదని ఆయన మొదటి పది నిమిషాల్లోనే చూపించారు. కొక్కెం మొన వేలికి తగలకుండా ఫ్లైని (పురుగులా కట్టిన కృత్రిమ ఎరను) వెనుక వంపు దగ్గర పట్టుకొని, రాడ్డును విల్లులా వంచి వదలాలి. మోకాళ్ల మీద కూర్చొని అలా వదిలిన నాలుగో ఫ్లై బండ పక్క నురుగులో పడీపడకముందే నీటిలో ఒక నారింజ మెరుపు మెరిసింది. మా బావమరిది ప్రశ్న ఆ చేప గురించే. ఇక ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్న వేడర్ల (నీళ్లలో నిలబడేందుకు వేసుకునే, తడవని పొడవాటి తొడుగుల) సంగతి చెప్పుకోకపోవడమే మేలు. ఎడమ కాలు కుట్టు దగ్గర కారి, గంటలో మేజోడు మంచుముద్దలా తయారైంది. అద్దె ఇచ్చేముందు చూసి ఇవ్వాలన్న పట్టింపు అక్కడ కనిపించలేదు.

వైట్ ఓక్ కాన్యన్‌కు ఆఖరి రోజు వెళ్లాము. ఆరు జలపాతాలు ఉన్న చోటు, అందానికి వంక పెట్టలేము, కానీ ప్రతి మడుగు దగ్గరా జనం నిలబడితే, నీడ కదిలితేనే రాళ్ల కిందికి దూరే చేప ఇక కనిపించదు. నా వరకు రోజ్ రివర్‌కే మొదటి స్థానం, తరువాత రాపిడాన్. వచ్చే వసంతానికి అదే క్యాబిన్ చెప్పి ఉంచాను. వేడర్లు మాత్రం సొంతవి కొన్నాను, మా బావమరిదికీ ఒక జత.