మోనోపలీ నుంచి చింతపిక్కల దాకా: ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో ఆడుతున్న ఆటలు

స్థలాలు కొని అద్దెలు గుంజే బోర్డు ఆట మోనోపలీ సంగతి ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో ఎక్కువ ఏడుపులు దానివల్లే. 2017లో పెద్దదాని ఆరో పుట్టినరోజుకి ఎవరో బహుమతిగా ఇచ్చారు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకని డబ్బా మీదే ఉంది, మేం పట్టించుకోలేదు. మొదటి రెండేళ్లలో ఆట పూర్తయిన రోజు ఒక్కటీ లేదు. మధ్యలో అన్నానికి లేచి, మళ్లీ కూర్చుని, పదకొండింటికి పెద్దది దివాలా తీసి నోట్లు విసిరేసి పడుకునేది.

తప్పు ఆటది కాదు, మాదే. లోపలున్న రూల్స్ కాగితం ఎవరూ చదవలేదు. 2020 లాక్‌డౌన్‌లో మా ఆయన తీరిగ్గా చదివి వినిపించాడు. ఎవరైనా ఓ స్థలం మీదికొచ్చి కొనకపోతే బ్యాంకు దాన్ని అక్కడికక్కడే వేలం వేయాలట. మేమేమో వదిలేసి ముందుకు పోయేవాళ్లం. జరిమానాలన్నీ ‘ఫ్రీ పార్కింగ్’ అనే గడిలో పోగేసి, అక్కడికొచ్చినవాళ్ల చేతిలో పెట్టేవాళ్లం. అసలు రూల్ ప్రకారం అక్కడ పైసా రాదు. మేం దానం చేసిన డబ్బుతోనే ఓడాల్సినవాళ్లు ఓడకుండా ఆట సాగుతూ పోయిందన్నమాట. ఆ రెండూ మానేశాక గంటన్నరలో తేలిపోతోంది. ఈ ఆటకు మూలం 1904లో ఎలిజబెత్ మాగీ అనే అమెరికా ఆవిడ పేటెంటు తీసుకున్న ‘ది ల్యాండ్‌లార్డ్స్ గేమ్’. భూములన్నీ ఒకరి గుప్పిట్లో పడితే మిగతావాళ్ల గతి ఏమవుతుందో చూపించడానికి చేసిందావిడ. చెన్నైలో పది నెలల అడ్వాన్సు కట్టి అద్దెకు దిగిన మాలాంటివాళ్లకు ఆ పాఠం విడిగా అక్కర్లేదనుకోండి.

క్యారమ్స్ దగ్గర డబ్బులు పోగొట్టుకున్నాం. చెన్నై పెరియమేట్‌లో ఓ దుకాణంలో తక్కువకొస్తోందని పల్చటి బోర్డు తెచ్చాం. వేళచ్చేరిలో మాది రెండో అంతస్తు. అక్టోబరులో వానలు మొదలయ్యాక గోడలే చెమ్మగిల్లుతాయి, ఇక ప్లైవుడ్ సంగతి చెప్పాలా? బాల్కనీ గోడకు ఆనించి పెట్టిన బోర్డు డిసెంబరుకల్లా మధ్యలో ఉబ్బింది. కాయిన్ ఎటు కొట్టినా చివర్లో మెల్లగా వంపు తిరిగి ఈశాన్యం మూలకే పోయేది. వాస్తు బాగుందని మా ఆయన జోకు. దుకాణం అతన్ని అడిగితే ఎండలో పెట్టమన్నాడు. పెట్టాం, ఫ్రేము మూల విడిపోయింది. రెండోసారి బరువైన, మందం పన్నెండు మిల్లీమీటర్ల బోర్డు కొన్నాం. దీన్ని నిలబెట్టం. దుప్పటి చుట్టి మంచం కింద పడుకోబెడతాం. ఐదేళ్లయింది, ఇంకా బాగానే ఉంది. బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ మాత్రం పిల్లలకు అందకుండా పెట్టండి, అది నోట్లోకి పోకూడదు. చిన్నాడు చిన్నప్పుడు ఓసారి వేలు నాకబోతుంటే పట్టుకున్నాను.

అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు మాటలు పేర్చే స్క్రాబుల్ పిల్లలకు పదేళ్లొచ్చేదాకా కొనకండి. మాటలు తెలియక కాదు, ఓపిక ఉండదు. ‘క్యూ’ బిళ్లకు పది పాయింట్లని దాన్నే పట్టుకుని ఆట అయిపోయేదాకా కూర్చునేది మా పెద్దది. వందలో రెండు బిళ్లలు సోఫా మింగేసింది, అయినా నడుస్తోంది. దీన్ని తెలుగులో ఆడితే ఎలా ఉంటుందని ఓ ఆదివారం అట్టముక్కలు కోసి మొదలుపెట్టాం. ‘స్త్రీ’ అనడానికి ఎన్ని ముక్కలు కావాలన్న దగ్గరే గొడవై ఆగిపోయింది.

చదరంగం గురించి చెన్నైలో ఉంటూ నేను కొత్తగా చెప్పేదేముంది? 2024 డిసెంబరులో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాక మా అపార్ట్‌మెంట్‌లో సగం పిల్లలు కోచింగ్‌లో చేరారు. మావాళ్లిద్దరి మధ్య మాత్రం అది పనికి రాలేదు. నాలుగేళ్లు పెద్దదైన అక్క ప్రతిసారీ గెలిస్తే తమ్ముడు ఎన్నాళ్లు కూర్చుంటాడు?

అందుకే ఇద్దరూ సమానంగా కొట్టుకునేది అష్టాచెమ్మాలోనే. దీనికి మేం ఒక్క రూపాయి పెట్టలేదు. నెల్లూరు నుంచి వచ్చినప్పుడు మా అత్తయ్య నాలుగు చింతపిక్కలు ఏరి, ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గడప రాయి మీద అరగదీసి ఇచ్చింది. నేల మీద సుద్దతో అడ్డం ఐదు, నిలువు ఐదు గడులు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. అవతలివాళ్ల కాయ ఒక్కటైనా చంపందే లోపలి గడుల్లోకి పోనివ్వరు. అదృష్టం కలిసొస్తే చిన్నాడు గెలుస్తాడు. కానీ ఏ కాయ కదపాలన్న దగ్గర బుర్ర పెట్టకపోతే అదృష్టమూ ఆదుకోదు. పెద్దది లెక్క కట్టింది: పిక్కలు రెండువైపులా సమానంగా పడితే పదహారు పందేల్లో ‘రెండు’ ఆరుసార్లు, ‘అష్ట’ ఒక్కసారి పడాలట. మా పిక్కలకు ఆ లెక్క తెలీదు. నాయనమ్మ వేస్తే అష్టలే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మా వీధిలో నడుంలోతు నీళ్లు నిలిచి, మూడు రోజులు కరెంటు లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. పక్కింటి పాట్టి, అంటే తమిళ బామ్మ, ఇత్తడి దాయాలు (పాచికలు) పట్టుకుని కొవ్వొత్తితో మా ఇంటికొచ్చింది. అష్టాచెమ్మాలాంటిదే తమిళుల ఆట దాయం, అందులో ఒకటి పడితేగానీ కాయ బయల్దేరదు. మా అత్తయ్య ఆ రూల్ ఒప్పుకోదు. ఈవిడకు తమిళం రాదు, ఆవిడకు తెలుగు రాదు. మధ్యలో పిల్లలు తర్జుమా చేస్తూ, తమకు అనుకూలంగా రెండు రూల్స్ కలిపేశారని తర్వాత తెలిసింది. చివరికి పాట్టి దాయాలతో, అత్తయ్య గళ్ల మీద ఆడారు. మర్నాటి రాత్రికి కింది ఇంటివాళ్లూ వచ్చి చేరారు, వంతు కోసం చీటీలు వేయాల్సొచ్చింది.

ఆ పిక్కలు ఇప్పుడూ అవే. ఒకదాన్ని పురుగు తొలిచింది. కొత్తది అరగదీయడానికి అత్తయ్య సంక్రాంతికి వస్తానంది.