మాసీ 135కి డ్యుయల్ క్లచ్ మార్చాక: కొన్ని సీజన్ల వాడకంలో తేలిన సంగతులు

మా మాసీ ఫెర్గూసన్ 135 ట్రాక్టర్‌కి డ్యుయల్ క్లచ్ (రెండు దశల్లో పనిచేసే క్లచ్) సెట్ మొత్తం కొత్తది వేసి కొన్ని సీజన్లు గడిచాయి. దుక్కి, రోటవేటర్, లోడు ట్రాలీ, అన్నిటికీ వాడాను. బిగించిన వారానికి ఏ సెట్ అయినా బాగానే ఉంటుంది, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను. క్లచ్ బాగా పనిచేస్తోంది. కానీ ఆ మంచిపేరులో కొత్త ప్లేట్ల వాటా సగమే. మిగతాది ఫ్లైవీల్‌ది (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం), ఫింగర్ల (క్లచ్‌ని విడిపించే చిన్న మీటలు) సెట్టింగ్‌ది, చవగ్గా దొరికే ఆయిల్ సీళ్లది.

135 మోడల్ 1964లో వచ్చింది. మాది మూడు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ ఉన్నది, రెండున్నర లీటర్లది. ఇదే మోడల్‌లో సింగిల్ క్లచ్ బళ్లూ ఉన్నాయి, డ్యుయల్ క్లచ్ బళ్లూ ఉన్నాయి. డ్యుయల్ అయితే పెడల్ సగం తొక్కగానే చక్రాలకు వెళ్లే డ్రైవ్ ఆగుతుంది, పీటీవో (రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అడుగుదాకా తొక్కితే అదీ ఆగుతుంది. హైడ్రాలిక్ పంపు కూడా ఆ పీటీవో డ్రైవ్ మీదే నడుస్తుంది కాబట్టి, సగం తొక్కి బండి ఆపినా వెనక పనిముట్టును ఎత్తే లిఫ్ట్ లేస్తుంది. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కామంటే లిఫ్ట్ కూడా ఆగిపోయినట్టే. చేను చివర మలుపు దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది.

పాత క్లచ్ పోతోందని మొదట చెప్పింది పెడలే. ప్లేటు అరిగేకొద్దీ, దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, ఫింగర్లు వెనక్కి, వాటిని నెట్టే క్లచ్ బేరింగ్ వైపు వస్తాయి, పెడల్‌లో ఉండే ఫ్రీ ప్లే (క్లచ్ కదలకముందు పెడల్ వదులుగా కదిలే దూరం) తగ్గుతూ పోతుంది. పెడల్ రాడ్ సర్దుతూ కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. ఆ తర్వాత టాప్ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతోంది కానీ బండి వేగం పెరగడం లేదు. లోడు మీద ఆ కాలిన వాసన ఒకసారి వచ్చిందంటే ఇక సర్దుబాట్లతో పని జరగదు. జారుతున్న క్లచ్‌తో ఇంకో సీజన్ లాగిద్దాం అనుకునేవాళ్లకు ఒక మాట: ప్లేటు ఎలాగూ పోయింది, మీరు ఇప్పుడు తినేస్తున్నది ఫ్లైవీల్‌ని.

బండిని ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య రెండుగా విడదీయడం పెద్ద పనే, కానీ భయపడాల్సినంత కాదు. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కదా, విడదీయగానే ఇంజన్ భాగం పక్కకు ఒరిగిపోకుండా ఇరుసుకు రెండువైపులా చెక్క వెడ్జ్‌లు (ఒక పక్క పలచగా చెక్కిన ముక్కలు) గట్టిగా దిగ్గొట్టాలి. ఇది మానేసి జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు. 135లో స్టీరింగ్ బాక్స్ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది, దాని నుంచి ముందు చక్రాలకు వెళ్లే లింక్ రాడ్లు రెండువైపులా విప్పాలి. డీజిల్ పైపులు, వైరింగ్, మీటర్ కేబుల్, యాక్సిలరేటర్ రాడ్ మామూలే. రెండు భాగాల కిందా సరైన స్టాండ్లు ఉండాలి. మేమైతే రెండు బోల్టుల స్థానంలో పొడవాటి స్టడ్లు బిగించి, వాటి మీదుగా జరిపాం. మళ్లీ కలిపేటప్పుడు ఆ స్టడ్ల వల్ల సగం టెన్షన్ తగ్గింది.

విప్పాక కనిపించింది చెప్తాను. మెయిన్ ప్లేటుకు (చక్రాలకు డ్రైవ్ ఇచ్చేది) ఒక పక్క రివెట్ తలలు, అవి పట్టి ఉంచే లైనింగ్‌తో (ప్లేటు మీద రాపిడికి ఉండే పొర) సమానంగా వచ్చేశాయి. రెండు రివెట్లు ఫ్లైవీల్ ముఖం మీద గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా గుండ్రటి గాట్లు పెట్టాయి. రివెట్ తల పైన లైనింగ్ 0.3 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే ప్లేటు మార్చాలని మామూలు లెక్క. మాది ఆ లెక్క దాటి చాలా దూరం వచ్చింది. గాట్ల మధ్యలో నీలం మచ్చలు, వాటిలో వెంట్రుకవాసి పగుళ్లు. క్లచ్ చుట్టూ ఉండే గూడు, అంటే బెల్ హౌసింగ్‌లో పేరుకున్న నల్ల పొడిని మాత్రం గాలి కొట్టి ఊదొద్దు. ఈ బళ్లు వచ్చిన రోజుల్లో లైనింగ్‌లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు, పాత బళ్లలో ఇంకా అదే ఉండొచ్చు. మాస్క్ కట్టుకుని, తడిపి, తడిగుడ్డతో తుడవడమే పద్ధతి.

ఫ్లైవీల్‌ని లేత్ మీద పట్టించాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్లేటు ఆనే ముఖానికీ, క్లచ్ కవర్ బోల్టులు పడే అంచుకూ ఎత్తులో తేడా ఉన్న ఫ్లైవీల్ అయితే, ముఖం మీద ఎంత తీశారో అంచు మీదా అంతే తీయాలి. లేకపోతే ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గుతుంది, కొత్త ప్లేటు వేసినా జారుతుంది. లేత్ అతనికి ఇది విడిగా చెప్పాలి. చాలామంది కనిపించే ముఖాన్ని మాత్రమే అద్దంలా చేసి ఇచ్చేస్తారు.

కొన్న సెట్‌లో మెయిన్ ప్లేటు, పీటీవో ప్లేటు, కవర్‌తో సహా ప్రెషర్ ప్లేట్లు వచ్చాయి. 135లలో ప్లేట్ల సైజులు, స్ప్లైన్ల (ప్లేటు షాఫ్టు మీద పట్టుకునే పళ్లు) లెక్క అన్ని బళ్లకూ ఒకటి కావు, పాతది విప్పి కొలిచాకే ఆర్డర్ పెట్టాలి. ఫింగర్లు కంపెనీలోనే సెట్ చేసి వస్తాయని అమ్మినవాళ్లు చెప్పారు. గేజ్ పెట్టి చూస్తే మూడు ఫింగర్లూ మూడు ఎత్తుల్లో ఉన్నాయి. అలాగే బిగించి ఉంటే ప్రెషర్ ప్లేటు ఒక పక్కగా లేచి, బండి కదిలేటప్పుడు జెర్కులు, గేరు పడేటప్పుడు గరగర. ఆ చెప్పిన మాటకే ఈ సెట్‌కు నేను మార్కులు తగ్గిస్తాను. లోహం, లైనింగ్ విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

పాత ప్లేటుకే కొత్త లైనింగ్ వేయిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. హబ్ (ప్లేటు నడిమి భాగం) స్ప్లైన్లు అరగకుండా, ప్లేటు వంగకుండా ఉంటే అది కూడా మంచి పనే, నేను కాదనను. మాది హబ్ దగ్గర వదులైంది కాబట్టి కొత్తదే తీసుకున్నాం. పీటీవో ప్లేటు బాగానే కనిపిస్తున్నా మార్చేశాం, దాని కోసం మళ్లీ బండి విప్పే ఓపిక ఎవరికీ లేదు. అదే లెక్కన క్లచ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలో షాఫ్టు కొసను మోసే పైలట్ బేరింగ్, గేర్‌బాక్స్ షాఫ్టుల సీళ్లు కూడా వేశాం. ఒకదానిలో ఒకటి దూరిన రెండు షాఫ్టులు కదా, సీళ్లు లోపలా బయటా చూసుకోవాలి. కొత్త లైనింగ్ మీద నూనె పడితే తుడిచినా ప్రయోజనం ఉండదు. స్ప్లైన్లకు గ్రీజు కూడా పూసీపూయనట్టు ఉండాలి.

తిరిగి కలపడంలో పట్టుబట్టాల్సింది ఒక్కటే. రెండు ముఖాలూ చేత్తో నెడితేనే ఆనాలి. చివర్లో కొంచెం సందు మిగిలిందని బోల్టులు బిగించి లాగితే ప్లేటు హబ్ వంగిపోతుంది. ప్లేట్లను డమ్మీ షాఫ్టుతో నడిమధ్యకు తెచ్చి బిగించాం, గేరులో వేసి వెనక చక్రం, తర్వాత పీటీవో షాఫ్టు కొద్దికొద్దిగా తిప్పుతూ నెడితే స్ప్లైన్లు దొరికాయి.

వాడకంలో ఎలా ఉందంటే, పెడల్ మధ్యలో ఒక మెట్టులా గట్టిగా తగులుతుంది, అక్కడ ఆగితే మొదటి దశ. పాత క్లచ్‌లో ఆ మెట్టు ఎక్కడుందో తెలిసేది కాదు. రోటవేటర్ తిరుగుతుండగా గేరు మార్చడం ఇప్పుడు మాకు అలవాటైపోయింది. అడుగుదాకా తొక్కడానికి మాత్రం కాలికి బాగానే బరువు, రోజంతా లోడర్ పని చేసేవాళ్లకు మోకాలు పట్టేస్తుంది. పెడల్ మీద కాలు ఆనించి నడిపే డ్రైవర్ చేతికి ఇస్తే మాత్రం ఏ సెట్టూ నిలవదు, బేరింగ్ ముందు పోతుంది.

వానాకాలంలో బండి నెలల తరబడి కదలకపోతే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు పట్టేస్తుంది. అందుకే నిలిపి ఉంచేటప్పుడు పెడల్ తొక్కిపెట్టి చెక్కముక్క అడ్డం పెడుతున్నాం. కొత్త లైనింగ్ సర్దుకునే రోజుల్లో ఫ్రీ ప్లే త్వరగానే తగ్గింది, రాడ్ సర్దాక మళ్లీ అంత తొందరగా కదల్లేదు. పీటీవో దశకు ఉండే గ్యాప్‌ని బెల్ హౌసింగ్‌కున్న చిన్న మూత తీసి, మాన్యువల్‌లోని కొలతతో చూస్తున్నాం. పోయిన సీజన్ ముందు కొంచెం తగ్గి కనిపిస్తే ఆ గ్యాప్ సర్దే మూడు బోల్టులూ సమానంగా సర్ది మూత వేసేశాం.