‘అల్టిమేట్’ అని రాసున్న ఫైటింగ్ గేమ్ డిస్కులు: శ్రీకాకుళం, విజయనగరంలో కొనేవాళ్లకి జాగ్రత్త

దసరా, సిరిమాను దగ్గరపడితే విజయనగరం గంటస్తంభం సందుల్లోనూ ఇటు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూనూ సెకండ్ హ్యాండ్ గేమ్ డిస్కుల బేరాలు జోరందుకుంటాయి. ఫైటింగ్ గేమ్ అయితే డబ్బా మీద ‘అల్టిమేట్’ అనో ‘డీలక్స్’ అనో ఉంటుంది, దాన్ని చూపించి మామూలు డిస్క్ కంటే నాలుగు డబ్బులు ఎక్కువ అడుగుతారు. ఆ ఎక్కువ ఇవ్వకండి. డబ్బా మీద రాసున్న అదనపు ఫైటర్లు, అంటే మనం ఎంచుకుని ఆడించే పాత్రలు, చాలా గేముల్లో డిస్క్‌లో మీకు దొరకరు.

వాళ్లు ఉండేది డబ్బాలో పెట్టిన చిన్న కాగితం ముక్క మీద. ప్లేస్టేషన్‌కైతే దాని మీద 12 అక్షరాల కోడ్ నాలుగేసి చొప్పున మూడు ముక్కలుగా ఉంటుంది, ఎక్స్‌బాక్స్‌కి 25 అక్షరాలు. మొదట కొన్నవాడు దాన్ని తన అకౌంట్‌లో ఎక్కించుకున్న నిమిషమే కాగితం చిత్తు. ఆ తరవాత డిస్క్ ఎన్ని చేతులు మారినా ఫైటర్లు మొదటివాడి అకౌంట్‌లోనే ఉండిపోతారు. సంతలో ఎద్దుని అమ్మి పలుపు విప్పుకుపోయినట్టే అన్నమాట. అమ్మేవాడు మోసగాడే అయ్యుండాలని లేదు, పాపం అతనికీ తెలియకపోవచ్చు. పోయేది మాత్రం మీ డబ్బు.

“ఇదిగో, ఆడించి చూపిస్తాను, అందరూ ఉన్నారు చూడండి” అంటే నమ్మకండి. పీఎస్5లో ‘కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే’ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, పీఎస్4లో అదే ‘ప్రైమరీ’. అది ఆన్‌లో ఉన్న కన్సోల్‌లో యజమాని కొన్న డీఎల్‌సీ (గేమ్‌కి విడిగా కొనే అదనపు సరుకు) ఆ మెషిన్ వాడే ప్రతి యూజర్‌కీ పనిచేస్తుంది. కొత్త యూజర్‌ని పెట్టి చూపించినా పనిచేస్తుంది. డిస్క్ మీ ఇంటికొచ్చి మీ మెషిన్‌లో దూరాక ఫైటర్ల బొమ్మల మీద తాళం గుర్తు పడుతుంది. షాపులో చూసినదానికీ ఇంట్లో చూసినదానికీ తేడా అదే, డిస్క్ పాడవలేదు.

కోడ్ వాడలేదని చెబితే, డబ్బు ఇచ్చే ముందు అక్కడే నిలబడి మీ ఫోన్‌లో మీ అకౌంట్ తెరిచి ఎక్కించండి. వాడేసిన కోడైతే వెంటనే చెప్పేస్తుంది. ఎక్కితే అడిగిన డబ్బు ఇవ్వండి, ఎక్కకపోతే మామూలు డిస్క్ ధరకే బేరం ఆడండి. కోడ్‌ని వాట్సాప్‌లో ఫొటో తీసి పంపిస్తామంటే వద్దనండి. ఫొటో చూసిన ప్రతివాడూ దాన్ని వాడుకోగలడు, మీకంటే ముందే.

సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంకో చిక్కుంది. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్లు తెచ్చిన డిస్కులు చవగ్గా దొరుకుతాయి. గేమ్ ఆడుతుంది, అందులో ఇబ్బంది లేదు. తరవాత ఇండియా అకౌంట్‌లో ఒక ఫైటర్‌ని కొంటే డబ్బు పోతుంది, ఫైటర్ రాడు. ప్లేస్టేషన్‌లో డీఎల్‌సీ గేమ్ పేరుని చూడదు, నంబర్‌ని చూస్తుంది. డిస్క్ మీదా డబ్బా అంచున చిన్న అక్షరాల్లో పీఎస్4కైతే ‘సీయూఎస్ఏ’, పీఎస్5కైతే ‘పీపీఎస్ఏ’ అని, దాని పక్కన అయిదంకెలూ ఉంటాయి. మీరు కొనబోయే డీఎల్‌సీ పేజీని ఫోన్ బ్రౌజర్‌లో తెరిస్తే లింకులోనూ అలాంటి నంబరే కనిపిస్తుంది. ఆ నంబర్ ముందుండే అక్షరాలు ‘యూపీ’ అయితే అమెరికా, ‘ఈపీ’ అయితే యూరప్ గుంపు, ‘హెచ్‌పీ’ అయితే ఆసియా. డిస్క్ నంబరూ లింకు నంబరూ ఒకటైతేనే కొనండి. తేడా ఉంటే ఆ డిస్క్‌ని డిస్క్‌లాగే ఆడుకోండి, దాని మీద ఇంక పైసా పెట్టకండి.

“అన్నీ ఉన్న అకౌంటే ఇచ్చేస్తాం, పాస్‌వర్డ్‌తో సహా” అనే బేరానికి అసలు పోవద్దు. మొదటి ఈమెయిల్, మొదటి బిల్లు ఎవరి దగ్గరుంటే వాళ్లు కంపెనీకి రాసి అకౌంట్ వెనక్కి తీసుకోగలరు. అకౌంట్ అమ్మడమే నిబంధనలకి విరుద్ధం కాబట్టి మీరు ఎవరికి మొరపెట్టుకున్నా వినరు.

ఇంతవరకూ మనూళ్లో బేరం సంగతి. కొత్త గేమ్‌ని నేరుగా స్టోర్‌లో కొన్నా గొడవ తప్పదు, అక్కడ పట్టేది పబ్లిషర్ లెక్క.

స్ట్రీట్ ఫైటర్ 6 సంగతే తీసుకోండి. 2023 జూన్‌లో వచ్చింది. గేమ్‌లోపల డీఎల్‌సీ కొనాలంటే రూపాయలు పనికిరావు, ఫైటర్ కాయిన్స్ కావాలి. ఒక ఫైటర్‌కి 350 కాయిన్లు. కాయిన్లు అమ్మే కట్టలేమో 250, 610, 1250, 2750. అమెరికా ధరల్లో అవి వరసగా 4.99, 11.99, 23.99, 49.99 డాలర్లు. 350 కట్ట లేదు చూశారా? 250 కట్టలు రెండు కొంటే 9.98 డాలర్లు పోయి 150 కాయిన్లు మిగులుతాయి. 610 కొంటే 260 మిగులుతాయి. మిగిలినవాటితో ఇంకో ఫైటర్ రాడు. ఆ చిల్లర ఊరికే పోతుందేమోనని మళ్లీ ఒక కట్ట కొనిపించడానికే ఈ అంకెలు. అదే ఏడాది ఆగస్టులో నింజా తాబేళ్ల దుస్తులు పెట్టారు, ఒక్కొక్కటి 750 కాయిన్లు, అంటే దాదాపు 15 డాలర్లు. అవి ఫైటర్లకి కాదు, మనం తయారు చేసుకునే అవతార్‌కి. ఆడి సంపాదించే డ్రైవ్ టికెట్లతో కొత్త ఫైటర్ రాడు, అవి వేరే ఖజానా.

కాయిన్లు కొనక తప్పదనుకుంటే ముందు కాగితం మీద కూడిక వేయండి. ఈ ఏడాది మీరు నిజంగా ఆడే ఫైటర్లు ఎంతమంది? ఒక్కరే అయితే 250 కట్టలు రెండు. ఏడాదికొచ్చే నలుగురూ కావాలంటే 1400 కాయిన్లు, అంటే 1250, 250 కలిపి 28.98 డాలర్లు. దాన్ని పాస్ (ఏడాది ఫైటర్లని ఒకే ధరకి కలిపి అమ్మే కట్ట) ధర పక్కన పెట్టి చూశాకే పే బటన్ నొక్కండి.

పాస్ అన్న మాట దగ్గర కూడా ఆగాలి. ఒకే గేమ్‌కి ‘క్యారెక్టర్ పాస్’, ‘అల్టిమేట్ పాస్’ అని రెండుంటాయి. మొదటిదాంట్లో ఫైటర్లు వస్తారు, రెండోదాంట్లో దుస్తులూ స్టేజీలూ (ఫైటర్లు కొట్టుకునే చోట్లు) కలుస్తాయి. ‘సీజన్ అంతా వచ్చేస్తుంది’ అనుకుని చిన్న పాస్ కొన్నవాళ్లు తరవాత స్టేజీకి వేరేగా కట్టాల్సి వస్తుంది. టెక్కెన్ 8లో 2024 చివర్లో హెయిహాచి అనే ఫైటర్‌తో పాటు గెన్‌మాజి గుడి స్టేజీ వచ్చినప్పుడు ఇదే జరిగింది. ఫైటర్ల పాస్‌లో స్టేజీ లేదు, విడిగా అమ్మారు, ఆటగాళ్లు గట్టిగానే తిట్టారు. స్టోర్ పేజీలో పాస్ పేరు కింద ‘ఇందులో ఉండేవి’ అనే జాబితా చదవండి. అందులో రాయనిది మీకు రాదు.

టెక్కెన్ 8 నేర్పే ఇంకో సంగతి, దుకాణం ఎప్పుడు తెరిచారన్నది. గేమ్ 2024 జనవరి 26న వచ్చింది. డబ్బుతో కాయిన్లు కొనే టెక్కెన్ షాప్ ఫిబ్రవరిలో వచ్చింది, ఆడుతూ దుస్తుల్లాంటివి గెలుచుకునే ఫైట్ పాస్ ఏప్రిల్‌లో. రివ్యూలు రాసినవాళ్ల కళ్లకి అవేవీ పడలేదు. మొదటి వారంలో కొన్నవాళ్లకి రీఫండ్ గడువు కూడా దాటిపోయింది. అందుకే విడుదల రోజు మార్కులు చూసి కొనకండి, రెండు మూడు నెలలాగితే అసలు రంగు బయటపడుతుంది.

దుస్తులూ రంగులూ లేకపోయినా ఆట ఆగదు. ఆటకే అవసరమైనదాన్ని అమ్మితే కోపం వస్తుంది. 2019లో టెక్కెన్ 7కి ఫ్రేమ్ డేటా (ఏ దెబ్బకి ఎన్ని ఫ్రేములు పడుతుందో చెప్పే అంకెలు) చూపించే సౌకర్యాన్ని డీఎల్‌సీగా అమ్మారు. ఫైటింగ్ గేమ్‌లో సెకనుకి 60 ఫ్రేములు. అవతలివాడు మీద పడ్డాడు, మీరు బ్లాక్ చేశారు, వాడి దెబ్బ మైనస్ 10 అనుకోండి. అంటే మీ చెయ్యి వాడికంటే 10 ఫ్రేములు ముందే ఖాళీ అవుతుంది. మీ జాబ్ (చటుక్కున వేసే చిన్న గుద్దు) 10 ఫ్రేముల్లో తగిలేదైతే వాడు తప్పించుకోలేడు. మైనస్ 9 అయితే అదే జాబ్‌ని వాడు అడ్డుకుంటాడు. ఆరో వంతు సెకనులో గెలుపోటములు తేల్చే ఈ అంకెలే ఆటకి ఎక్కాల పుస్తకం. బడిలో చేర్చుకుని ఎక్కాల పుస్తకానికి వేరే ఫీజు అన్నట్టుంది ఆ పని. టెక్కెన్ 8లో అది గేమ్‌తో పాటే ఇచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి.

డెడ్ ఆర్ అలైవ్ 6 అయితే 2020లో మరీ దిగజారింది. ఫైటర్ జుట్టు రంగు మార్చిన ప్రతిసారీ డబ్బు పెట్టి కొనే ప్రీమియం టికెట్ ఒకటి ఖర్చు, పాత రంగుకి తిరిగి వెళ్లాలన్నా ఇంకో టికెట్. మోర్టల్ కాంబాట్ 1లో 2023 హాలోవీన్‌కి ఒక్క ఫేటాలిటీ (ఓడినవాణ్ణి చంపే ఆఖరి దెబ్బ) దాదాపు 10 డాలర్లకి పెట్టారు. కొన్ని క్షణాల బొమ్మ అది.

‘డిస్క్‌లోనే ఉన్నదానికి తాళం వేసి అమ్ముతున్నారు’ అనే ఫిర్యాదు గురించి ఒక మాట. 2012లో స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్‌లో 12 మంది ఫైటర్లు డిస్క్‌లోనే దొరికారు, తరవాత వాళ్లని 20 డాలర్లకి అమ్మారు. కొన్నవాళ్లూ కొననివాళ్లూ కలిసి ఆడటానికే అలా పెట్టామని కంపెనీ జవాబు. ఆ మాటలో కొంత నిజముంది. ఆన్‌లైన్‌లో అవతలివాడు కొత్త ఫైటర్‌తో వస్తే ఆ బొమ్మ, ఆ దెబ్బలు మీ మెషిన్‌లోనూ ఉండాలి కదా. మీరు కొనకపోయినా పెద్ద అప్‌డేట్ దిగి ఫోన్ హాట్‌స్పాట్ డేటా అంతా మింగేసేది అందుకే. అయితే విడుదల రోజుకే తయారైపోయిన ఫైటర్లని పక్కకి తీసి అమ్మడానికి ఆ జవాబు సరిపోదు.

తొందరపడితే ఇంకో నష్టం. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3 2011 ఫిబ్రవరిలో వచ్చింది, అదే ఏడాది నవంబర్‌లో ‘అల్టిమేట్’ అంటూ ఇంకో డిస్క్ దింపారు. మోర్టల్ కాంబాట్ 1కి 2024 సెప్టెంబర్‌లో ఖావోస్ రెయిన్స్ అనే పెద్ద అదనపు భాగాన్ని 50 డాలర్లకి అమ్మారు, 2025 మేలో అన్నీ కలిపి డెఫినిటివ్ ఎడిషన్ పెట్టి, ఇక కొత్త ఫైటర్లు రారని చెప్పేశారు. ఆ ఎనిమిది నెలలు ఆగినవాడికి అంతా ఒకే చోట దొరికింది. పీసీలో ఆడేవాళ్లకి మోర్టల్ కాంబాట్ ఎక్స్ గుర్తుండాలి. రెండో పాస్ కన్సోళ్లకి 2016 మొదట్లోనే వస్తే పీసీకి ఆ ఏడాది అక్టోబర్ దాకా రాలేదు.

ఆన్‌లైన్ మీదే బతికే ఆటల్లో డబ్బు పెట్టేముందు మల్టీవర్సస్ గతి చూడండి. 2022లో 100 డాలర్ల దాకా ఫౌండర్ ప్యాకులు అమ్మారు, 2023 జూన్‌లో మూశారు, 2024 మేలో మళ్లీ తెరిచారు, 2025 మే 30న పూర్తిగా ఆపేశారు. చివరి సీజన్‌లో ఒక్కసారైనా లాగిన్ అయినవాళ్లకే ఆఫ్‌లైన్‌లో ఆడే వీలు మిగిలింది.

ఇప్పటికే కొనేసి పశ్చాత్తాపపడుతుంటే గడియారం చూసుకోండి. పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో గేమ్‌కి 14 రోజులు, రెండు గంటల ఆట లోపు రీఫండ్. డీఎల్‌సీకి అదే గడువు, కాకపోతే రెండు గంటలు లెక్కపెట్టేది డీఎల్‌సీ కొన్నాక అసలు గేమ్ ఎంతసేపు ఆడారన్నది. వాడేసిన కాయిన్లు తిరిగి రావు. ప్లేస్టేషన్‌లో 14 రోజులు అంటారు గానీ డౌన్‌లోడ్ మొదలైతే అంతే. ఫైటర్ బొమ్మలు అప్‌డేట్‌లోనే దిగిపోయి ఉంటాయి కాబట్టి కొన్నాక దిగేది చిన్న తాళంచెవి ఫైల్ మాత్రమే, కన్ను మూసి తెరిచేలోగా దిగిపోతుంది. అనుమానంగా ఉంటే కన్సోల్‌లో కాక ఫోన్‌లో కొని, డౌన్‌లోడ్ నొక్కకుండా ఒక పూట ఆలోచించుకోండి. ఇంట్లో గుంటలు ఆడుతుంటే కన్సోల్‌లో కార్డ్ సేవ్ చేయకండి, లెక్కగా వాలెట్‌లో డబ్బు వేసి ఇవ్వండి.

ధర చివర్లో పెంచడం, ‘ఇంకో గంటే ఉంది’ అని తొందరపెట్టడం, ఒకటి చూపి ఇంకోటి అంటగట్టడం లాంటి 13 రకాల పద్ధతుల్ని కేంద్ర వినియోగదారుల ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో నిషేధించింది. స్టోర్ పేజీ, బిల్లు, గేమ్‌లో కనిపించిన తాళం, మూడింటికీ స్క్రీన్‌షాట్ తీసి ముందు ఆ స్టోర్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఊళ్లో షాపులో కొన్న డిస్క్ అయితే ముందు బిల్లు మీద ‘అల్టిమేట్ ఎడిషన్, కోడ్ వాడలేదు’ అని చేత్తో రాయించుకోండి. రాయనంటే డిస్క్ అక్కడే పెట్టేసి రండి.