రెండు సెన్సర్ల చెరువు ఉష్ణోగ్రత మీటరు: ఏడాది వాడిన తరువాత

మెదక్ ప్రాంతంలోని మా అర ఎకరం చెరువులో ఎర్ర తిలాపియా చేపలు పెంచుతున్నాము. నిరుడు దసరాకు ముందు నాలుగు వేల రూపాయల లోపు ధరకు ఒక డిజిటల్ ఉష్ణోగ్రత మీటరు కొన్నాను. దానికి రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకదాన్ని పైనుంచి జానెడు లోతున, మరొకదాన్ని అడుగుకు దగ్గరగా వేలాడదీస్తే, అరగంటకొకసారి రెండు చోట్ల ఉష్ణోగ్రతనూ నమోదు చేసుకుంటుంది. చలీ ఎండా రెండూ చూడకుండా ఇటువంటి వస్తువును మెచ్చుకోవడం తొందరపాటు అవుతుందని ఇన్నాళ్లు ఆగాను.

ఎర్ర తిలాపియా ప్రకృతిలో ఉన్న జాతి కాదు. మొజాంబిక్ తిలాపియాలో పుట్టిన ఎరుపు రంగు చేపలను నైలు తిలాపియాతో కలిపి 1960ల చివర తైవాన్‌లో తీసిన సంకరం ఒకటైతే, ఇతర దేశాల్లో వేరే కలయికలతో వచ్చినవి మరికొన్ని ఉన్నాయి. పేరు ఒకటే అయినా వంశం ఒకటి కాదు కనుక, చలికి ఓర్చే శక్తి కూడా సీడును (కొనే చేపపిల్లను) బట్టి మారుతుంది. నైలు తిలాపియా 11, 12 డిగ్రీల దగ్గర చనిపోతుంది. నీలి తిలాపియా అనే మరో జాతి రక్తం కలిసిన సంకరాలు అంతకంటే కొంత ఎక్కువ చలిని తట్టుకుంటాయి. నాకు చేపపిల్లను అమ్మినవారు వంశం వివరం చెప్పలేకపోయారు. అటువంటప్పుడు మన చేప ఏ డిగ్రీ దగ్గర మేత మానుతుందో మనమే కనిపెట్టుకోవాలి.

ఈ మీటరు నాకు బాగా ఉపయోగపడింది అక్కడే. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, నీరు చల్లబడితే ఆకలీ అరుగుదలా రెండూ మందగిస్తాయి. తిలాపియా బాగా పెరిగేది సుమారు 28 నుంచి 32 డిగ్రీల మధ్య. 20కి దిగువన మేత బాగా తగ్గించి, 16, 17 దగ్గర దాదాపు మానేస్తుంది. డిసెంబరు చివర మా చెరువు తెల్లవారుజామున 18 డిగ్రీలు, మధ్యాహ్నం మూడింటికి 22 డిగ్రీలు చూపించింది. అంతకుముందు ఏళ్లలో అలవాటు ప్రకారం ఉదయం ఏడింటికే వేసిన తేలే మేత గట్టు వెంబడి నానిపోతుంటే, చేపకు జబ్బు చేసిందేమోనని మందుల దుకాణం చుట్టూ తిరిగిన రోజులు గుర్తుకొచ్చాయి. ఈసారి పూటకు పూట కొలిచి, మేతను మధ్యాహ్నం రెండింటికి మార్చి, సగానికి తగ్గించాను. నీటిమీద మిగలడం ఆగింది.

వేసవిలో రెండో సెన్సరు విలువ తెలిసింది. మే నెల మధ్యాహ్నాల్లో పైన 35, అడుగున 30 చూపించేది. పైనున్న వేడి నీరు తేలికై మూతలాగా నిలిచిపోవడంతో అడుగుకు ప్రాణవాయువు అందదు. ఆ స్థితిలో పెద్ద వాన పడి పైపొర ఒక్కసారిగా చల్లబడితే రెండు పొరలూ కలిసిపోయి, తెల్లారేసరికి ప్రాణవాయువు చాలక చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి. అందుకే ఇప్పుడు రెండు అంకెల మధ్య తేడా మూడు డిగ్రీలు దాటితే పగలే ఏరియేటరు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రం) వేసి నీటిని కలుపుతున్నాను. మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే కరుగుతుంది. చేపకు అవసరం పెరిగే వేళకే నీటిలో అది తగ్గుతుందన్నమాట. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉన్న నీటిలో, చేపల విసర్జన, మిగిలిన మేత వల్ల చేరే అమ్మోనియాలోని విషపు భాగం కూడా ఆ పది డిగ్రీల తేడాకే దాదాపు రెట్టింపవుతుంది. ఎండ బాగుంది, చేప బాగా తింటుందని మేత పెంచేవారు ఈ రెండింటినీ గమనించాలి. ఈ మీటరు ప్రాణవాయువును కొలవదు. దానికి డీవో (కరిగిన ప్రాణవాయువు) మీటరు విడిగా కొనవలసిందే.

లోపాలు లేకపోలేదు. కొత్తలోనే ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచి చూస్తే సున్నా చూపవలసిన ఒక సెన్సరు 0.9 చూపింది. దాన్ని సరిదిద్దే ఏర్పాటు పరికరంలో లేదు, అంకెను మనమే తీసివేసి చదువుకోవాలి. మేత నిర్ణయాలు ఒకటి రెండు డిగ్రీల మీద ఆధారపడినప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఫోనులోని యాప్ ఇంగ్లీషులోనే ఉండటంతో చెరువు దగ్గరుండే పనివాడికి అక్కరకు రాలేదు. సెన్సరు మీద వారానికోసారి పాచి తుడవాలి. సరఫరా చేసిన వైరు మూడు మీటర్లే కావడంతో, గట్టు నుంచి లోతుకు చేరక వెదురు బొంగు పాతి కట్టుకున్నాను.

రోజూ రెండుసార్లు పాదరసం థర్మామీటరు ముంచి పుస్తకంలో రాసుకునే ఓపిక ఉన్నవారికి దీని అవసరం అంతగా లేదు. నాకా ఓపిక లేదు. ఏడాది అంకెలన్నీ ఒకచోట చూసుకున్నాక, అక్టోబరులో వదిలిన పిల్ల తొలి మూడు నెలలూ చలిలోనే గడిపి మేతకు తగ్గ బరువు రాలేదని తేలింది. ఈసారి పిల్లను ఫిబ్రవరి చివర వదలడానికి చెరువు ఎండగడుతున్నాము.